పోత అన్న మాట

మైసమ్మ సంచి సర్దుతుంటే గుర్వయ్య గడప దగ్గరే నిలబడిపోయాడు. కొడుకు చొక్కా మడిచి లోపల పెట్టింది. మళ్ళీ తీసి, ఇంకోలా మడిచి పెట్టింది. లుంగీ, తువ్వాల, దువ్వెన, సగం అరిగిన సబ్బు. ఎవరికైనా ప్రయాణానికి సంచి సర్దిపెట్టే మనిషి కావాలనే ఆలస్యం చేస్తుంది. సంచి నిండితే బయలుదేరక తప్పదు గనుక. మైసమ్మ సర్దే సంచి మాత్రం పోయేవాడికి కాదు, రావలసినవాడికి. ఎక్కడో దొరికే కొడుకుకు కట్టుకోవడానికి బట్టలుండాలని. అయినా చేతులు ఆ పాత అలవాటునే పట్టుకుని వెనకాడుతున్నాయి.

మాత్రల డబ్బాను మాత్రం ఆమె సంచిలో వేయలేదు. గుర్వయ్య అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"సంచి పోయినా పాయె సారూ. గీ డబ్బ మాత్రం పోనియ్యకు. ఫిట్స్ గోళీలు ఏసుకోకపోతే వాడు నిలవడ్డకాడనే పడిపోతడు. పొయ్యి కాడున్నడో, బాయి కాడున్నడో, వానికి ఎరుకుండదు."

"దొరకంగనే ముందు గోళీ ఏయిస్త, తర్వాతే మాట్లాడిస్త. సరేనా మైసమ్మా?"

ఆమె తల ఊపింది. నమ్మి ఊపిందో, నమ్మకపోతే చేయగలిగింది లేదని ఊపిందో గుర్వయ్యకు తెలియలేదు.

గుర్వయ్య ఒకప్పుడు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం వదిలేసి మహబూబ్‌నగర్‌లో చిన్న గది తీసుకుని, డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. క్వారీ కూలీల సంఘం వాళ్ళు వచ్చి అడిగితే ఈ కేసు ఒప్పుకున్నాడు. మైసమ్మ కొడుకు యోహాను గ్రానైటు క్వారీలో డ్రిల్లరు. ఎండాకాలంలో సైరన్ మోగకముందే మందు పేల్చారు. ముగ్గురు కూలీలు బండల కింద పోయారు. కాంట్రాక్టరే దగ్గరుండి పేల్చమన్నాడని చెప్పగలిగిన సాక్షి యోహాను ఒక్కడే. ఆ సాక్షి జూలైలో ఒక ఆదివారం ఇల్లు దాటి, మళ్ళీ కనిపించలేదు. ఈ శుక్రవారం కోర్టులో వాయిదా ఉంది.

ఆగస్టు మొదట్లో మైసమ్మకు పోస్టులో ఒక క్యాసెట్ వచ్చింది. ఆమె దాన్ని ఇప్పుడు మళ్ళీ టేప్ రికార్డర్‌లో పెట్టింది. బయలుదేరే ముందు గుర్వయ్య దాన్ని ఇంకొకసారి వినాలని ఆమె పంతం.

"అమ్మా, నేను మంచిగున్న. నాకోసం ఫికర్ చెయ్యకు. పోత."

అంతే. గొంతు యోహానుదే. అందులో ఎవరికీ అనుమానం లేదు. మాట వెనక పెద్ద రాతి కట్టడంలో మాట్లాడినప్పుడు వచ్చే మోత ఉంది. ఒక్కో మాటా ఆగాక కూడా గోడల మీద కొంతసేపు పాకి, ఆ తరువాతే చల్లారుతున్నది.

"వాడు గట్లనడు సారూ," అన్నది మైసమ్మ. ఈ మాట ఆమె ముందు కూడా అన్నది. "పోత అని అనడు వాడు."

"భయంల ఉన్నప్పుడు మనిషి ఏదైనా అంటడు మైసమ్మా."

ఆమె సంచి మూతి బిగించి తాడు కట్టింది.

బస్‌స్టాండులో గుర్వయ్యను భిక్షం పట్టుకున్నాడు. పట్టుకున్నాడనడమే సరి. కర్నూలు బస్సు మెట్టు మీద కాలు పెట్టినవాడిని భుజం మీద చెయ్యి వేసి కిందికి దించాడు. భిక్షం కూడా డిటెక్టివే. గుర్వయ్య దగ్గరే పని నేర్చుకుని, వేరే ఆఫీసు పెట్టుకుని, మోటర్ సైకిలూ నల్ల కళ్ళద్దాలూ సంపాదించినవాడు. కాంట్రాక్టరు తరఫు వకీలు పెట్టుకున్నది ఇతన్నే. యోహాను తనంతట తనే వెళ్ళిపోయాడనీ, ఆలంపూర్‌లో ఒక పాత రాతి మండపంలో దాక్కున్నాడనీ, కావలివాడు చూశాడనీ భిక్షం రిపోర్టు రాసి ఇచ్చాడు. దాంతో పోలీసులు కూడా వెతకడం తగ్గించారు.

"అన్నా, ఇయ్యాల సూర్యగ్రహణం. గర్భిణీ స్త్రీలు, ముసలి డిటెక్టివులు బయటికి ఎల్లొద్దంటుండ్రు," అన్నాడు భిక్షం నవ్వుతూ.

"నువ్వు నల్లద్దాలు పెట్టుకున్నవు గద. నీకేం ఫికర్ లేదులే."

"ఆలంపూర్‌కేనా? పో. నేను రాసిందే నువ్వు రాసుకొస్తవు. టేపుల మోత ఇన్నవు గద? గది ఇంట్ల వచ్చే మోతనా? రాతి మండపం అన్నా! పిలగాడు కోర్టుకు భయపడి ఉరికిండు. గీ ముసలమ్మకు ఆశ పెట్టి ఎందుకు తిప్పుతున్నవు?"

"ఆశ నేను పెట్టలే. తల్లికి ఎవలూ పెట్టక్కరలే."

గుర్వయ్య టికెట్టు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చిల్లరతో పాటు రబ్బరు బెలూన్లు నాలుగైదు జారి కింద పడ్డాయి. ఎర్రవి, పచ్చవి. వంగి ఏరుకుంటూ, భిక్షం ఇంకో ఎకసెక్కెం ఆడతాడని ఎదురుచూశాడు. బుగ్గలమ్ముకుంటున్నవా అనో, మనుమన్ని ఆడిస్తున్నవా అనో.

భిక్షం బెలూన్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. నవ్వు పెదవుల మీదే ఉంది గాని, దాని కింద మనిషి లేడు.

"బస్సు ఎల్తాంది అన్నా," అని మాత్రం అన్నాడు.

గుర్వయ్య ఎక్కి కూర్చున్నాడు. వయసులో ఉన్నవాడికి జాలి కలిగిందేమో అనుకున్నాడు. ఆ తరువాత ఆ తలంపును తలచుకుని చాలాసార్లు పళ్ళు కొరుక్కున్నాడు.

ఆలంపూర్‌లో ఆ మండపం గుళ్ళకు ఎడంగా ఉంది. పూజలూ లేవు, దీపమూ లేదు. మూడు వైపులా గోడలు, ఒక వైపు స్తంభాలు. కావలి చూసే లచ్చయ్య గ్రహణం వేళకు ఇల్లు చేరాలని తొందరపడుతున్నాడు. తాళంచెవుల గుత్తి చేతిలో ఆడిస్తూనే ఉన్నాడు.

గుర్వయ్య ఫోటో చూపించాడు. "గీ పిలగాడు ఇక్కడ పండుకునేదా?"

"ఎవలూ పండుకోరు సారూ. గబ్బిలాలు పండుకోనియ్యవు."

"నువ్వు చూసినట్టు రిపోర్టుల రాసిండ్రు గదా."

"నేను చూసిన అని ఎవలన్నరు?" లచ్చయ్య గుత్తి ఆడించడం ఆపాడు. "నల్లద్దాల సారు వచ్చిండు, ఫోటో చూపిండు. గిసొంటి పోరగాండ్లు శానమంది వస్తరు పోతరు అన్న. గంతే. గది చూసినట్టెట్లయితది?"

"కోర్టుల గీ మాటే చెప్తవా?"

"కోర్టా? నన్ను లాగకుండ్రి సారూ. నేను గేటు కాడ ఉండెటోన్ని."

గుర్వయ్య మండపం నాలుగు మూలలూ చూశాడు. పొయ్యి పెట్టిన మసి లేదు. చాప గుర్తు లేదు. బీడీ ముక్క లేదు. మనిషి పూటైనా ఉన్న చోట ఏదో ఒకటి మిగులుతుంది. మనుషులు పోయాక మిగిలేవాటిని ఏరుకోవడమే అతని పని. ఇక్కడ ఏరుకోవడానికి ఏమీ లేదు. లేకపోవడం అతన్ని సంతోషపెట్టలేదు. యోహాను ఇక్కడ లేడంటే, ఇంకెక్కడున్నట్టు?

వెనక మూలలో గబ్బిలాల రెట్ట కింద ఒక ఎర్ర పేలిక కనిపించింది. పుల్లతో లాగి చూశాడు. గుడ్డ కాదు, రబ్బరు. పగిలిన బెలూను ముక్క.

అతను జేబులోంచి తన బెలూను ఒకటి తీసి, దాని పక్కన పట్టుకుని చూశాడు. లచ్చయ్య ముఖం చిట్లించాడు.

"మీరు గూడ పలగ్గొడ్తరా? ముందు ఒకసారి ఎవలో పలగ్గొట్టిండ్రు. నేను గుడి కాడున్న. ఢామ్ ఢామ్ అని సప్పుడైతే ఉరికొచ్చిన. నేను వచ్చేసరికి మోటర్ సైకిల్ మీద ఎల్లిపాయె. తలకు టోపీ ఉండె, మొకం కనవడలే."

"ఎప్పుడు?"

"తొలేకాదశి తెల్లారి. మా ఇంట్ల పేలపిండి మిగిలితె తింటున్న, గప్పుడే సప్పుడైంది. గట్టిగ యాదుంది."

తొలేకాదశి అంటే జూలై చివర. క్యాసెట్ పోస్టులో రాకముందు.

గుర్వయ్య వెంట తెచ్చిన టేప్ రికార్డర్ మండపం మధ్యలో పెట్టి, బెలూను ఊది, బటన్ నొక్కి, సూదితో పొడిచాడు. చప్పుడు గోడలకు తగిలి, స్తంభాల మధ్య తిరిగి, పైకప్పు కింద కాసేపు వేలాడి చల్లారింది. గబ్బిలాలు ఒక్కసారిగా లేచాయి. అవి సర్దుకునేదాకా ఆగి, మరో రెండు పగలగొట్టాడు. కంప్యూటర్ సెంటర్ నడిపే పీర్ మహమ్మద్ అలాగే చేయమన్నాడు. ఎందుకో చెప్పాడు గాని, సగమే అర్థమైంది.

బస్సు దొరకదన్న కంగారులో సంచి భుజాన వేసుకుంటూ, "పోత లచ్చయ్యా," అన్నాడు.

ముసలాయన గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "పోత అంటరా సారూ? గ్రహణం పూట గదేం మాట? పోయొస్త అనుండ్రి."

గుర్వయ్య అతని ముఖంలోకి చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. తిరిగి వస్తే ఎంత, రాకపోతే ఎంత? అయినా ఆ ఒక్క మాట సరిగ్గా అనిపించుకోకుండా పంపలేకపోతున్నాడు. పరాయివాడికే ఇంత పట్టింపు ఉంటే, తల్లికి? తల్లి దగ్గర పెరిగిన కొడుకుకు?

వాడు గట్లనడు సారూ.

"పోయొస్త," అన్నాడు గుర్వయ్య.

మరునాడు గురువారం పొద్దున్నే మైసమ్మను వెంటబెట్టుకుని పీర్ మహమ్మద్ దగ్గరికి వెళ్ళాడు. పీర్ మహమ్మద్ పగలు పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాడు, పెళ్ళిళ్ళ సీజనులో క్యాసెట్లు కలిపి ఇస్తాడు. మైసమ్మ కొడుకు సంచిని తెచ్చుకుంది. ఆలంపూర్ పోయి వచ్చిన సంచిని ఆమె విప్పలేదు, ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

గుర్వయ్య తెచ్చిన టేపును పీర్ మహమ్మద్ వైరుతో కంప్యూటర్‌కు కలిపాడు. తెర మీద బెలూను చప్పుడు ఒక నిటారు గీతలా లేచి, తోక సన్నబడుతూ పోయింది.

"పగిలిన సప్పుడు మనకు అక్కర లేదన్నా. ఎన్క మిగిలిన తోక కావాలె. గది మండపం గొంతు. గీ ప్రోగ్రాముకు గా తోక ఇచ్చి, ఎవని మాటైన పక్కన పెడితె, గా మాటను మండపంల అన్నట్టే చేసి పెడ్తది."

"గీ ప్రోగ్రాము ఎక్కడిది? పెద్ద పెద్ద స్టూడియోలల్లనే ఉంటదేమో అనుకున్న."

"ఉట్టిగనే వచ్చింది. కంప్యూటర్ పత్రికతోని సీడీ ఇస్తరు, అండ్ల ఉంది. ఎవలో రాసి, అందరి కోసం ఇడిసిపెట్టిండ్రు. వాడుకో, నేర్చుకో, పక్కోనికియ్యి. గదే షరతు. నేను గూడ అడిగినోనికల్ల కాపీ ఇచ్చిన. నేర్పిచ్చిన గూడ." అతను కొంచెం గర్వంగా అన్నాడు.

పోస్టులో వచ్చిన క్యాసెట్లోని చివరి మాటను కూడా తెరకెక్కించి, దాని తోకను బెలూను తోక పక్కన పెట్టాడు. రెండూ ఒకే తీరుగా దిగుతున్నాయి. అదే చోట కొంచెం ఉబ్బు, అదే చోట నొక్కు.

గుర్వయ్య తెర మీదికి వంగాడు. "అంటే మండపం అదే. భిక్షం రాసింది నిజమేనా?"

"జాగ అదే. గా జాగల మనిషి ఉన్నడో లేడో మోత చెప్పదు గదన్నా."

గుర్వయ్య మైసమ్మ వైపు తిరిగాడు. నిన్న బస్సులో వస్తూ అల్లుకున్న తలంపు ఇప్పుడు బయటపెట్టక తప్పలేదు. అది తప్పయితే బాగుండునని కూడా ఒక మూల అనిపిస్తున్నది.

"మైసమ్మా, యోహాను ఇల్లు దాటేటప్పుడు ఏమంటడు?"

"ఎన్నిసార్లు చెప్పాలె సారూ? పోయొస్త అంటడు. వాళ్ళ బాపు పోత అని లారెక్కిండు, రాలే. గప్పట్నుంచి మా ఇంట్ల గా మాట లేదు."

ఆమె కొంగు ముడిలోంచి ఒక క్యాసెట్ తీసింది. నిన్న రాత్రి గుర్వయ్య వెతికి తెమ్మన్నది. యోహాను బొంబాయిలో పని చేసిన రోజుల్లో పంపింది. మైసమ్మకు చదువు రాదు గనుక, ఊరు దాటినప్పుడల్లా అతను చెప్పవలసింది క్యాసెట్లో మాట్లాడి ఇచ్చేవాడు. చివర ఎప్పుడూ ఒకటే ముగింపు.

పీర్ మహమ్మద్ దాన్ని ఆడించాడు. మోత లేని మామూలు గొంతు. చిన్న గదిలో, నోటికి దగ్గరగా మైకు పెట్టుకుని మాట్లాడిన గొంతు. ఆ నెల ఏం వండుకు తిన్నాడో, పక్క మంచం మీది అతను ఎలా గురక పెడతాడో చెప్పి నవ్వాడు. మైసమ్మ కూడా నవ్వింది. తరువాత, "ఫికర్ చెయ్యకు. పోయొస్త."

"ఆపు," అన్నాడు గుర్వయ్య. "గా ఒక్క మాటనే తెర మీద పెట్టు."

పోయొస్త. గీతల్లో మాట మొత్తం పరుచుకుని ఉంది. మొదట 'పో', నిండుగా. చివర 'త', పొట్టిగా. మధ్యలో 'స్' సన్నటి గడ్డి మొలిచినట్టు కనిపిస్తున్నది.

"నడిమిట్లది కోసెయ్యి. 'పో' ఉంచు, 'త' ఉంచు."

పీర్ మహమ్మద్ వేలు మౌస్ మీద ఆగింది. అప్పటికే అతనికి అర్థమైంది. కోశాడు. రెండు ముక్కలు దగ్గరకు జరిపాడు. ఆడించాడు.

"పో.. త."

అతుకు దగ్గర చిటుక్కుమన్నది. ఎవరు విన్నా అతికించారని తెలిసిపోతుంది.

"ఇప్పుడు మండపంల పెట్టు."

ప్రోగ్రాము నడవడానికి టీ తాగేంత సేపు పట్టింది. టీ తెప్పించారు గాని ఎవరూ తాగలేదు. పని అయిపోయిందని తెర చెప్పింది. పీర్ మహమ్మద్ ఆడించాడు.

"పోత."

చిటుకు లేదు. అతుకు లేదు. మోత వచ్చి దాన్ని మట్టి కప్పినట్టు కప్పేసింది. పోస్టులో వచ్చిన క్యాసెట్లో ఉన్న మాటే. అదే గొంతు, అదే రాయి, అదే చలి.

"గిదే," అన్నది మైసమ్మ. "గిదే సారూ. నేను చెప్పిన గద."

ఆమె ఆ మాట సంబరంగానే అన్నది. ఇన్నాళ్ళకు ఎవరో నమ్మారన్న సంబరం. దాని వెనక ఏముందో ఇంకా ఆమెకు చేరలేదు. గుర్వయ్య ఆ ముఖం చూడలేక తెర వైపు తిరిగాడు.

"పోస్టుల వచ్చింది గీ బొంబాయి క్యాసెట్‌తోని చేసింది కాదు. ఇది నీ దగ్గర్నే ఉంది. ఇంకోటుండాలె. ఈమధ్య చెప్పి ఇచ్చింది?"

"ఉండె. జూలైల ఇల్లు దాటేనాడు, నేను ఇంట్ల లేని యాల, చెప్పి పెట్టిపోయింది. పని మీద పోయొస్త, నాకోసం ఫికర్ చెయ్యకు అని. దాన్ని సారు తీస్కపోయిండు గద."

"ఏ సారు?"

"నల్లద్దాల సారు. మీ తమ్ముడు లెక్క అని చెప్పిండు. గొంతు గుర్తువట్టనీకి కావాలె, రెండు దినాలల్ల తెచ్చిస్త అన్నడు. పక్కింటోళ్ళు పేలపిండి ఇచ్చిన దినమే. కూసోవెట్టి ఆయనకు గూడ పెట్టిన. మంచిగుంది పెద్దమ్మా అని మల్ల అడిగి తిన్నడు."

పేలపిండి. తొలేకాదశి. ఆ తెల్లవారే మండపంలో బెలూన్లు పగిలాయి.

పీర్ మహమ్మద్ కుర్చీలో వెనక్కి వాలాడు. "భిక్షమా? ఆయనకు గూడ నేనే కాపీ ఇచ్చిన అన్నా. మరదలి పెండ్లి క్యాసెట్‌కు మోత కలపాలె అన్నడు. పొద్దుమూకెదాక కూసోవెట్టి నేర్పిన. ఎవలన్న వాడుకోవచ్చంటె, గిట్ల వాడుకుంటరని నాకేం ఎరుక?"

తలుపు దగ్గర అలికిడైంది. భిక్షం నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి. బెలూన్లు చూసిన దగ్గర్నుంచీ అతనికి కాలు నిలవలేదని ఆ ముఖమే చెబుతున్నది. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో, ఎంత విన్నాడో.

గుర్వయ్య లేచి అతని కాలరు పట్టుకున్నాడు. వయసులో పెద్దవాడైనా పట్టు మాత్రం పోలీసుదే.

"మరదలి పెండ్లి మంచిగ అయిందారా?"

"అన్నా, ఇడువు. చెప్త."

"పేలపిండి తిన్న నోటితోనే గా పని చేసినవా?"

"ముసలమ్మకు ధైర్యముంటదని చేసినన్నా! పిలగాన్ని బొంబాయిల పెట్టిండ్రట. కేసు అయిపోంగనే తోలిస్తం, ఊకె పోలీసులు దేవులాడకుండ, వస్త అన్న మాట లేని క్యాసెట్ ఒకటి కావాలె అన్నడు వకీలు. పానానికేం కాలే అని ఒట్టేసిండు."

"నువ్వు చూసినవా వాన్ని?"

"లే."

"ఫోన్ల మాట్లాడినవా?"

"మాట్లాడిపిస్త అన్నరు."

"మాట్లాడిపిచ్చిండ్రా?"

భిక్షం చేతిలోని కళ్ళద్దాల వైపు చూశాడు.

"నేను నీకు పని నేర్పినప్పుడు గిదేనారా నేర్పింది? జర సోంచాయించు. వాడు వాళ్ళ చేతుల బతికి ఉంటె, రెండు దెబ్బలు కొట్టి, మైకు ముందట పెట్టి, కావల్సిన మాట వానితోనే అనిపిస్తుండ్రి. అర నిమిషం పని. పాత క్యాసెట్ కోసుడెందుకు? అతికిచ్చుడెందుకు? ఆలంపూర్ దాక పోయి బుగ్గలు పలగ్గొట్టుడెందుకు?"

భిక్షం ముఖంలో రక్తం దిగిపోయింది. అతను నిజంగానే ఇప్పటిదాకా ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకోకుండా ఉండటానికే నల్లద్దాలు పెట్టుకు తిరిగాడేమో.

గుర్వయ్య చెయ్యి వదిలేశాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. తన వెనక కుర్చీలో మైసమ్మ ఉంది.

తిరిగి చూశాడు. ఆమె ఏడవడం లేదు. సంచి తాడు ముడిని గోటితో గీకుతున్నది. ముడి ఊడటం లేదు. ఊడదీయాలని కూడా లేదు ఆమెకు.

"అంటే సారూ," అన్నది మెల్లగా, "గా గోళీల డబ్బ ఇగ నాకే ఇస్తరా?"

గుర్వయ్య జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బా వేళ్ళకు తగిలింది. బయటికి తీయలేకపోయాడు. ఇరవై ఏళ్ళు పోలీసు కొలువు, ఆ పైన ఇన్నేళ్ళ ఈ పని. ఒక చిన్న డబ్బాను ఒక తల్లి చేతిలో ఎలా పెట్టాలో వీటిలో ఏదీ నేర్పలేదు.

భిక్షమే ముందు కదిలాడు. వచ్చి మైసమ్మ కుర్చీ ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నాకు తెల్వదు. నీ కాళ్ళ మీద ఒట్టు, తెల్వదు. రేపు కోర్టుల చెప్త. నేనే కోసిన, నేనే అతికిచ్చిన అని చెప్త. నీ కొడుకు ఇచ్చిన అసలు క్యాసెట్ కాంట్రాక్టరు దగ్గరుంది, నకిరేకల్ల, వాళ్ళింట్ల. వకీలుకియ్యాలె, ఒకసారి కావాలె అని అడిగి పట్కొస్త. గది ఉంటె ఇగ ఎవలూ కాదనలేరు."

"నేను గూడ వస్త," అన్నాడు గుర్వయ్య.

"నిన్ను చూస్తె తలుపే తియ్యరన్నా. నన్నైతె వాళ్ళ మనిషనే అనుకుంటుండ్రు ఇంక. పొద్దుగూకేసరికి వస్త. నువ్వు కూలీల సంఘం వకీలును పట్టుకో, నా వాంగ్మూలం టైపు చేయించి పెట్టు. రాంగనే సంతకం పెడ్త."

"వాళ్ళకు అనుమానమొస్తె?"

"వస్తె వస్తది. గీ ముడి నేనే ఇప్పాలె."

గుర్వయ్య లెక్క వేసుకున్నాడు. బొంబాయి క్యాసెట్‌తో తాము చేసి చూపించింది ఒక మాయ అని అవతలి వకీలు కొట్టిపారేస్తాడు. మీరు చేయగలిగితే మేమూ చేశామనడానికి అది రుజువా అంటాడు. అసలు క్యాసెట్ కావాలి. చేసినవాడి నోరు కావాలి. ఆ రెండూ ఇప్పుడు ఈ ఒక్క మనిషి వెంట తలుపు దాటుతున్నాయి. వద్దనడానికి ధైర్యం లేదు, పొమ్మనడానికీ లేదు.

భిక్షం వీధిలోకి దిగి మోటర్ సైకిలు తన్నాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి తన్నుతూ, తల తిప్పకుండానే అరిచాడు.

"పోత అన్నా!"

మైసమ్మ కుర్చీలోంచి లేచింది. సంచి ఒడిలోంచి జారి కింద పడింది. ఆమె దాన్ని చూసుకోలేదు. గుమ్మం దాకా ఉరికి, గోడ పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి కేకేసింది.

"పోయొస్త అను బిడ్డా! పోయొస్త అను!"

బండి అందుకుంది. ఆ చప్పుడులో ఆమె మాట అతనికి చేరలేదు. వీధి మలుపు దగ్గర కళ్ళద్దాలు పెట్టుకోవడం కనిపించింది. తరువాత పొగ మాత్రం కనిపించింది.

గుర్వయ్య కూలీల సంఘం వకీలును పట్టుకున్నాడు. వాంగ్మూలం టైపు చేయించాడు. సంతకానికి జాగా ఖాళీగా ఉంచి, కాగితాలు గాలికి ఎగరకుండా మాత్రల డబ్బాను మీద బరువు పెట్టి, గుమ్మం వైపు ముఖం చేసుకుని కూర్చున్నాడు. పక్కన మైసమ్మ కూర్చుంది. పొద్దుగూకింది. మోటర్ సైకిలు చప్పుడు వినిపించినప్పుడల్లా ఇద్దరూ తలెత్తారు.

మైసమ్మ కొడుకు యోహాను పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది జూలై పద్దెనిమిది, ఆదివారం పొద్దున 'పోయొస్త' అని చెప్పి ఇల్లు దాటాడు. తిరిగి రాలేదు. భిక్షం అదే ఏడాది ఆగస్టు పన్నెండు, గురువారం పొద్దున 'పోత' అని చెప్పి నకిరేకల్ బయలుదేరాడు. అతనూ తిరిగి రాలేదు.